అయస్కాంతం తీసేసి చూడండి

(ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు అరగంట మాట్లాడమన్నారు. లోపల్నుంచి గుత్తొంకాయ వాసన వస్తుంటే మైకు ముందు నిలబడినవాడి మాట ఎవరు వింటారో నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

వెనక బల్లల మీద నల్లటి ట్రాక్ పరిచి ఉంది, చూశారు కదా. పిల్లలు అప్పుడే ఒక కారును గోడకేసి కొట్టారు కూడా. ఫర్వాలేదు, అది దెబ్బలు తినడానికే తెచ్చాను. నా చేతిలో ఉన్న ఈ నీలం కారును మాత్రం నా మాటలయ్యేదాకా ఎవరూ అడగొద్దు. ఇది జాగ్వార్ డి-టైప్ అనే 1950ల పందెం కారుకు బొమ్మ. అసలు కారు పుట్టింది మన ఊళ్ళోనే, బ్రౌన్స్ లేన్‌లో. ఈ చిన్నది పుట్టింది మా గరాజ్‌లో, మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద. ఆ బల్ల ఇప్పుడు ఇస్త్రీకి పనికిరాదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా సాగుతూనే ఉంది.

స్లాట్ కారు అంటే ఏమిటో తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ట్రాక్‌లో ఒక గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ రెండు ఉక్కు పట్టాలు. కారు ముక్కు కింద నాలుకలాంటి ముక్క ఒకటి ఆ గాడిలోకి దిగుతుంది. దాన్ని గైడ్ అంటారు. గైడ్‌కు రెండు పక్కలా సన్నటి రాగి తీగలతో అల్లిన బ్రెయిడ్‌లు ఉంటాయి. నేను వాటిని జడలంటాను. ఆ జడలు పట్టాలకు రాసుకుంటూ 12 వోల్టుల కరెంటు మోటారుకు అందిస్తాయి. మీ చేతిలో ట్రిగ్గర్. నొక్కితే పరుగు, వదిలితే బ్రేకు. స్టీరింగ్ ఉండదు. "స్టీరింగే లేకపోతే ఇంక నడిపేదేముంది బావా" అన్నాడు మా బావమరిది. వాడి కారు మొదటి మలుపులోనే బయటికి ఎగిరిపోయాక మళ్ళీ ఆ మాట అనలేదు. మలుపు రాకముందు ఎక్కడ వదలాలి, మలుపులో ఎంత పట్టి ఉంచాలి, ఎక్కడ మళ్ళీ నొక్కాలి, ఇక్కడ నడపడమంటే ఇదే.

ఈ ఆటకు ఇంగ్లండ్‌లో ఇంటింటా తెలిసిన పేరు స్కేలెక్‌స్ట్రిక్. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన అంతకుముందు స్కేలెక్స్ పేరుతో వెనక్కి లాగి వదిలితే స్ప్రింగుతో పరుగెత్తే రేకు కార్లు చేసేవాడు. స్ప్రింగు కారు ఒకసారి వదిలాక మీ మాట వినదు కదా. పిల్లలకు కొన్నాళ్ళకే విసుగొస్తుంది. ఆయన వాటికి ఎలక్ట్రిక్ మోటారు పెట్టి, 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపించాడు. స్కేలెక్స్‌కు ఎలక్ట్రిక్ కలిపితే స్కేలెక్‌స్ట్రిక్. మొదటి కార్లు మసెరాటి 250ఎఫ్, ఫెరారీ 375, రెండూ రేకువే. అదే ఏడాది జూన్‌లో అసలు డి-టైప్‌లు ఫ్రాన్స్‌లో ఏం చేశాయో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు దుకాణంలో కొనే స్లాట్ కారును తిరగేసి చూడండి. మోటారుకు దగ్గర్లో చిన్న అయస్కాంతం కనబడుతుంది. పట్టాలు ఉక్కువి కాబట్టి అది కారును కిందికి లాగి పట్టుకుంటుంది. మలుపులో ఎంత నొక్కినా కారు అంటుకుపోయి పరుగెడుతుంది. పిల్లలకు మంచిదే, కాదనను. కానీ 1950ల కార్ల విషయానికొస్తే అది అన్యాయం. ఆ కార్ల టైర్లు సన్నగా ఉండేవి. మలుపులో వెనక భాగం పక్కకు జారుతుంటే డ్రైవరు స్టీరింగును ఎదురు తిప్పి, అలా ఏటవాలుగానే మలుపు దాటించేవాడు. ఆ కారు అందమంతా ఆ జారడంలోనే ఉంది. అయస్కాంతం ఉన్న డి-టైప్ దారానికి గుచ్చిన పూసలా వెళ్ళిపోతుంది. బొమ్మకు డి-టైప్ రూపం వచ్చింది గానీ నడక రాలేదు.

అందుకని నేను అయస్కాంతం తీసేస్తాను. తీసేసిన రోజే కష్టాలు మొదలవుతాయి. అప్పటిదాకా అయస్కాంతం దాచిన తప్పులన్నీ, వంకర ఇరుసు, గుండ్రంగా లేని టైరు, పైన ఎక్కువైన బరువు, ఒక్కొక్కటే బయటపడతాయి. కిట్ కొని మొదట్నుంచీ సొంతంగా కట్టడం నేను మొదలుపెట్టింది అందుకే.

కిట్ అనగానే ఉప్మా మిక్స్ లాగా నీళ్ళు పోస్తే అయిపోతుందనుకోకండి. నాకు వచ్చిన పెట్టెలో ఏమున్నాయో చెబుతాను. రెజిన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసిన బాడీ ఒకటి, గోధుమరంగులో, అంచుల్లో అక్కర్లేని పొరలతో. పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి గాలి లాగి అచ్చుకు అంటించి తీసిన అద్దం. నడుము పైభాగం మాత్రమే ఉన్న డ్రైవరు. కాగితం మీద నీటిలో నానబెట్టి అంటించే అంకెలు, గుర్తులు, వీటిని డెకాల్స్ అంటారు. అంతే. ఛాసీ, అంటే కింది చట్రం, లేదు, మోటారు లేదు, చక్రాలు లేవు. అవి ఎవరికి నచ్చినవి వాళ్ళు విడిగా తెచ్చుకోవాలి.

మొదటి పని జిగురు తీయడం కాదు, స్కేలు తీయడం. డి-టైప్ ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2,301 మిల్లీమీటర్లు. మన బొమ్మ అందులో 32వ వంతు, అంటే 72 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. బాడీలో చక్రాల గూళ్ళ మధ్య దూరం కొలిచాను. 73 వచ్చింది. ఒక మిల్లీమీటరే కదా అనుకోవచ్చు. కానీ ఛాసీని లెక్క ప్రకారం 72కి కట్టేసి ఉంటే చక్రం గూటిలో ఒక పక్కకు జరిగి, చెప్పులు తారుమారుగా వేసుకున్నవాడిలా కనబడేది. అసలు కారు కొలత కన్నా మీ చేతిలో ఉన్న బాడీ కొలతే మీకు ప్రమాణం.

తర్వాత ఏ డి-టైప్ అన్నది తేల్చుకోవాలి. ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో డి-టైప్ వరసగా మూడేళ్ళు గెలిచింది, 1955, 56, 57. 1955లో గెలిచింది ఆకుపచ్చ కారు, 6వ నంబరు, కంపెనీ సొంత జట్టుది. ఆ పందెంలోనే ఒక కారు జనంలోకి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది గెలిచిన కారు నేను కట్టను. కట్టేవాళ్ళను తప్పుపట్టను గానీ, నా చేతులు రావు. 1956లో గెలిచింది ఎక్యురీ ఎకోస్ వాళ్ళ నీలం కారు, 4వ నంబరు. ఎడిన్‌బరోలో ఒక చిన్న వీధి గరాజ్ నుంచి నడిచిన జట్టు అది. ఆ సీజను అయ్యాక జాగ్వార్ కంపెనీ తన పందేల జట్టును మూసేసింది. అయినా 1957లో విడి జట్ల చేతుల్లోని డి-టైప్‌లు మొదటి స్థానం, రెండు, మూడు, నాలుగు, ఆరు తీసుకున్నాయి. మొదటిది మళ్ళీ ఎకోస్ వాళ్ళదే, 3వ నంబరు, రాన్ ఫ్లాక్‌హార్ట్, ఐవర్ బ్యూబ్ నడిపింది. కన్నవాళ్ళు చేతులెత్తేశాక మేనమామలు పెళ్ళి చేసినట్టు జరిగింది. నేను కట్టాలనుకున్నది ఈ కారే.

ఇక్కడ కిట్ నన్ను మోసం చేసింది, లేదా నేనే మోసపోయాను. 1957లో గెలిచింది పొడుగు ముక్కు కారు. మామూలు దానికన్నా ముక్కు ఏడున్నర అంగుళాలు పొడుగు. మన కొలతలో అది 6 మిల్లీమీటర్లు. నాకు వచ్చిన బాడీది పొట్టి ముక్కు. డెకాల్స్ కాగితంలో మాత్రం రెండేళ్ళ నంబర్లూ ఉన్నాయి. పొట్టి ముక్కు మీద 3వ నంబరు అంటిస్తే ఇక్కడున్న వాళ్ళలో ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది కదా. అందుకే ఇదిగో, దీని మీద 4 ఉంది. 1956 కారు పొట్టి ముక్కుదే.

ముక్కు దగ్గర ఇంత నియమం పాటించినవాణ్ణి చక్రాల దగ్గర బోల్తాపడ్డాను. పాతకాలం కారంటే తీగల చక్రాలు ఉండాలని నా మనసులో పడిపోయింది. సైకిలు ఊచల్లా సన్నగా చెక్కిన లోహపు బిళ్ళలు కొని, చక్రాలకు దిగేసి, క్లబ్బుకు పట్టుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "బాగుంది, కానీ చక్రాలు వాళ్ళ పెద్దన్నయ్యవి" అన్నాడు. డి-టైప్‌కు ముందొచ్చిన సి-టైప్‌కు ఉండేవి తీగల చక్రాలు. డి-టైప్‌కు డన్‌లప్ వాళ్ళ అల్యూమినియం మిశ్రమం చక్రాలు, చుట్టూ రంధ్రాలున్న పళ్ళేల్లా ఉంటాయి. ఫొటోలు వందసార్లు చూశాను, చక్రాలు మాత్రం చూడలేదు. (నవ్వులు)

సరే, రెజిన్ సంగతి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు బాడీ మీద ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. లేకపోతే రంగు పొలుసుల్లా లేచిపోతుంది. బాడీ కొద్దిగా మెలితిరిగి ఉంటే వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, చల్లటి నీళ్ళలో పెట్టాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇందులో సర్దుబాటు లేదు.

పోతలో గాలి బుడగలు పేలి చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. వాటిని పూడ్చడానికి పుట్టీ వాడతాం. మాది కొండపల్లికి దగ్గర ఊరు. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్రతో చెయ్యి విడిగా, తల విడిగా చెక్కి అతికించి, అతుకుల మీద చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద రాస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆరాక రుద్దితే అతుకెక్కడో చెప్పలేం. నేను గరాజ్‌లో ట్యూబు నొక్కుతూ పుట్టీ అని ఎప్పుడూ అనను. మక్కు అనే అంటాను. మా అబ్బాయి అది జపాన్ కంపెనీ పేరనుకున్నాడు చాలా రోజులు.

బాడీ పైన ఎంత నున్నగా చేస్తామో లోపల అంత తవ్వాలి. ఇది బయటికి కనబడని పని, నిజానికి కారు నడకను నిర్ణయించే పని. రెజిన్ మందంగా ఉంటుంది, బరువు. ఆ బరువంతా కారుకు పైభాగంలో ఉంటుంది. బొంగరం ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు, బరువు ఎక్కడుందన్నదే ఆట. చిన్న గ్రైండరు పెట్టి లోపలి గోడలు పల్చగా చేస్తూ, మధ్యమధ్యలో కారును దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. వెలుతురు కొద్దిగా కనబడితే అక్కడ ఆపేయాలి. నా బాడీ 31 గ్రాములు ఉండేది, 24కి దించాను. ఒకచోట ఆపలేదు. ఎడమవైపు వెనక చక్రం పైన చూడండి, దగ్గరగా చూస్తే చిన్న అతుకు కనబడుతుంది. అదీ మక్కే.

డ్రైవరు తల వెనక ఈ రెక్క చూశారా? మాల్కం సేయర్ అని, విమానాల కంపెనీ నుంచి జాగ్వార్‌కు వచ్చిన ఇంజినీరు గీసిన రూపం ఇది. లె మాన్‌లో మ్యుల్సాన్ అనే పొడుగాటి తిన్నని రోడ్డుంది. అక్కడ గంటకు 270, 280 కిలోమీటర్ల వేగంలో కారు అటూ ఇటూ కొట్టుకోకుండా ఆ రెక్క నిలబెట్టేది. మన ట్రాక్ మీద దాని ఉపయోగం ఒక్కటే, కారు తిరగబడ్డప్పుడు ముందు విరిగేది అదే. అందుకని రెక్కలోకి సన్నటి రంధ్రం చేసి ఇత్తడి తీగ గుచ్చి అతికించాను. రెండు సార్లు తిరగబడింది, రెండు సార్లూ నిలిచింది.

మోటారు దగ్గర మగవాళ్ళం అందరం ఒకే తప్పు చేస్తాం. ఉన్నవాటిలో గట్టిది కొంటాం. చిన్న లెక్క చెబుతాను, పిల్లలూ మీరూ వెయ్యండి. 12 వోల్టుల దగ్గర మోటారు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుందనుకోండి. మోటారు గేరుకు 9 పళ్ళు, ఇరుసు మీది గేరుకు 27. అంటే ఇరుసు 6,000 చుట్లు. చక్రం వ్యాసం 21 మిల్లీమీటర్లు అయితే చుట్టుకొలత 66. నిమిషానికి 396 మీటర్లు, గంటకు 24 కిలోమీటర్లు దగ్గర. దాన్ని 32తో గుణించండి. 760! డి-టైప్ కాదు, అది హైదరాబాద్ విమానం. రాపిడి వల్ల నిజంగా అంత రాదు, సరే, కానీ కాగితం మీద సగం వచ్చినా ఎక్కువే. ఇలాంటి కారుకు నెమ్మదైన మోటారే కావాలి. పట్టు వదలకుండా సాఫీగా లాగేది. ట్రిగ్గర్ సగం నొక్కితే సగం వేగం ఇచ్చేది.

ఛాసీ నేను ఇత్తడి రేకు, గట్టి ఉక్కు తీగ కలిపి టంకం పెట్టి చేశాను. రెడీమేడ్ ప్లాస్టిక్ ఛాసీలు, త్రీడీ ప్రింటు చేసినవి దొరుకుతాయి, మొదటిసారి అవే తీసుకోండి. ఇత్తడి ఎందుకంటే బరువు అట్టడుగున ఉంటుంది. పైన తవ్వి తీసిన ఏడు గ్రాములు కింద తిరిగి పెట్టినట్టు. ఇరుసు 3/32 అంగుళం, అంటే 2.38 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ. వేలితో ఒక్కసారి తిప్పి వదిలితే అది తనంతట తాను కాసేపు తిరుగుతూ ఉండాలి. గరగర అని ఆగిందంటే బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు, ఒక వరసలో లేవన్నమాట. అలా ఉండగానే జిగురు పోసేసి, తర్వాత ఎన్ని నూనెలు పోసినా లాభం లేదు. గేర్ల మధ్య ఎంత సందు వదలాలన్నది కొత్తవాళ్ళకు పెద్ద టెన్షన్. రెండు గేర్ల మధ్య మామూలు కాగితం ముక్క పెట్టి, గేర్లు దగ్గరకు నొక్కి బిగించి, కాగితం లాగెయ్యండి. అంతే సందు చాలు.

చిన్నప్పుడు మేం తాటిబుర్రలతో బండి చేసేవాళ్ళం. ఇక్కడ తల ఊపుతున్న పెద్దవాళ్ళు కూడా చేసే ఉంటారు. రెండు బుర్రలు, మధ్యలో పుల్ల, పొడుగాటి పంగలకర్ర. రెండు బుర్రలూ ఒకే సైజు దొరకవు కదా. బండి ఎప్పుడూ చిన్న బుర్ర వైపే లాగేది. రోడ్డు మధ్యలో బయల్దేరి కాలవలో తేలేవాళ్ళం. నలభై ఏళ్ళ తర్వాత అదే పాఠం మళ్ళీ చదివాను. స్లాట్ కారు టైర్లు కొన్నప్పుడు చూడ్డానికి గుండ్రంగా ఉంటాయి, కానీ ఉండవు. టైరును చక్రానికి జిగురుతో అంటించాలి. బల్ల మీద గరుకు కాగితం, 320 నంబరుది, పరిచి కదలకుండా అంటించాలి. కారును చేత్తో పట్టుకుని, తక్కువ వోల్టులో మోటారు తిప్పుతూ, వెనక చక్రాలు ఆ కాగితాన్ని ముట్టీ ముట్టనట్టు ఆనించాలి. మొదట టకటకమని చప్పుడొస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు సన్నగిల్లి ఒకే ధారగా 'స్‌స్‌స్' అని వినబడుతుంది. అప్పుడు గుండ్రమైనట్టు. ఈ పనికి నాకు ఒక సాయంత్రం పట్టింది. కారు నడకలో వచ్చిన తేడా మాత్రం మిగతా అన్ని పనులు కలిపినా రాలేదు. సిలికాన్ టైర్లు ఇలా అరగవు, రబ్బరువో యురేథేన్‌వో తీసుకోండి.

ముందు చక్రాలకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటికి పట్టు ఉండకూడదు. కారును నడిపించేది గాడిలోని గైడ్, ముందు చక్రాలు అలంకారానికి. వాటికి గోళ్ళరంగు పూస్తాం, నున్నగా జారేలా. ఎర్రది వద్దు, రంగులేనిది. మా అమ్మాయి సీసా అడక్కుండా తీసుకున్నందుకు నాకు పడ్డ అక్షింతలు వేరే కథ.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ముందు బూడిదరంగు ప్రైమర్ పల్చగా కొట్టండి, దాచిన గుంటలన్నీ ఉన్నవున్నట్టు చూపిస్తుంది. స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచితే ధార సన్నగా వస్తుంది. ఎకోస్ నీలం ముదురు లోహపు నీలం, దానికి నాలుగు పల్చటి పూతలు. ఇక్కడి నవంబరు చెమ్మలో గరాజ్ తలుపు తెరిచి కొట్టకండి, రంగు పాలిపోయి బూజు పట్టినట్టవుతుంది. ఇంతే.

అద్దం గురించి మాత్రం చెప్పాలి. రంగు కుదిరింది, నంబర్లు కుదిరాయి, రాత్రి పన్నెండయింది. ఇంక అద్దం ఒక్కటే కదా, అయిపోతే పడుకుందామని సూపర్‌గ్లూ ఒక్క చుక్క వేసి అంటించాను. పొద్దున చూస్తే అద్దం లోపలంతా తెల్లటి పొగ. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద అలా పేరుకుంటుంది. డ్రైవరు పాపం శుక్లాలు వచ్చినవాడిలా ఉన్నాడు. కిట్‌లో అద్దం ఒక్కటే ఇస్తారు. మళ్ళీ తెప్పించుకోవడానికి మూడు వారాలు. పిల్లలు బడిలో వాడే తెల్ల జిగురు చాలు అద్దానికి. ఆరితే కనబడదు, తప్పయితే తడిగుడ్డతో పోతుంది.

అన్నీ కూర్చాక బాడీని ఛాసీకి మరలతో బిగిస్తాం. గట్టిగా బిగించాలనే అనిపిస్తుంది, మన చేతులకు అదే అలవాటు. కానీ మర పూర్తిగా బిగించి, ఆ తర్వాత అర చుట్టు వెనక్కి వదలాలి. బాడీ ఛాసీ మీద కొద్దిగా కదలాలి. మలుపులో బాడీ ఒక పక్కకు ఒరిగినా ఛాసీ ట్రాక్‌కు ఆనుకునే ఉంటుంది. చెవి దగ్గర ఊపితే చిన్న గలగల వినబడాలి. ఇదిగో, వినబడిందా?

అంత చేసి మొదటిసారి ట్రాక్ మీద పెడితే, ప్రతి రౌండులోనూ ఒకే ఎడమ మలుపులో గాడిలోంచి లేచిపోయింది. బరువు చూశాను, 78 గ్రాములు, బాగానే ఉంది. టైర్లు చూశాను. జడలు విప్పి మళ్ళీ పరిచాను. చివరికి కారును అద్దం పలక మీద పెట్టి పక్కనుంచి చూస్తే దొరికింది. ముందు చక్రాలు నేలకు గట్టిగా ఆని, ముక్కును పైకి ఎత్తుతున్నాయి. గైడ్ గాడిలో సగమే దిగుతోంది. అలంకారానికి పెట్టినవాళ్ళు పెత్తనం చేస్తున్నారన్నమాట. గైడ్ పైన అర మిల్లీమీటరు వాషరు ఒకటి వేసి గైడ్‌ను కిందికి దించాను. గైడ్ వెనకే చిన్న సీసం ముక్క అంటించాను. ఆ రోజు నుంచి అదే మలుపులో వెనక భాగం అలా బయటికి జారి, ఒక్క క్షణం ఆగినట్టుండి, మళ్ళీ దారిలోకి వస్తుంది. నేను మీకు చూపించాలనుకున్నది ఆ క్షణమే.

ఒకరు చెయ్యెత్తారు. చెప్పండి పిన్నిగారూ. ఖర్చెంతా? మీ అల్లుడు కూడా మొదలుపెడతాడని భయమా? (నవ్వులు) మోటారు, గేర్లు, చక్రాలు, రంగులు అన్నీ కలిపి నాకు 90 పౌండ్ల దాకా అయింది, ఆ రెండో అద్దంతో సహా. దుకాణంలో తయారుగా దొరికే కారు అంతకన్నా చవక. డబ్బు మిగల్చడానికి చేసే పని కాదండీ ఇది. ఏ కారుతో మొదలుపెట్టాలని ఇంకొకరు అడుగుతున్నారు. డి-టైప్‌తో వద్దు. ఫెరారీ 250 జీటీఓ లాంటి పైకప్పున్న కారు తీసుకోండి, లోపల మోటారుకు చోటుంటుంది, డ్రైవరును భుజాల దాకా కోసేసినా బయటికి తెలియదు. మసెరాటి 250ఎఫ్ లాంటి ఒంటిసీటు కార్లు చూడ్డానికి ముద్దొస్తాయి గానీ, మోటారు వచ్చి డ్రైవరు ఒళ్ళో కూర్చుంటుంది.

సరే, వడ్డన మొదలైనట్టుంది. ఇంకా పది నిమిషాలుంది కాబట్టి పిల్లలు రండి. పసుపు కారు, ఎర్ర కారు మీవి, వాటిలో అయస్కాంతం ఉంది, ఎంతైనా నొక్కుకోండి. నీలం కారు ఒక్కొక్కళ్ళు మూడు రౌండ్లు. రైస్ కుక్కర్ బల్ల పక్కనున్న ఆ ఎడమ మలుపు ముందు, తెల్ల చుక్క దగ్గర ట్రిగ్గర్ పూర్తిగా వదిలెయ్యాలి. తెల్ల చుక్క దగ్గర, దాటాక కాదు. బాబూ, నువ్వు ఆ రెక్క పట్టుకుని ఎత్తకు.